తుఫాను కబురొచ్చింది: వెళ్లాలా, తేదీ మార్చాలా, ఊరు మార్చాలా?

మన సెలవులూ బంగాళాఖాతం తుఫానులూ ఒకే నెలల్లో వస్తాయి. దసరా సెలవులు, కార్తీక మాసం, డిసెంబరులో అరకు చలి అన్నీ దాదాపు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. తుఫానుల కాలమూ అదే. ఏప్రిల్, మే నెలల్లో ఇంకో విడత ఉంటుంది, అప్పుడు పిల్లలకు వేసవి సెలవులు. అందుకే విశాఖ, అరకు, పూరీ, పుదుచ్చేరి, అరుణాచలం వైపు టికెట్లు తీసుకునే ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకసారి ఈ మాట వినపడక మానదు: "అల్పపీడనం ఏర్పడిందట, వెళ్దామా, మానేద్దామా?"

నేను పుట్టి పెరిగింది విశాఖలో, పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాను. ఆ కబురు టీవీలో రాగానే మా అపార్టుమెంటులో ఎవరో ఒకరు నన్ను అడుగుతారు, "మీ ఊరి వైపు ఎలా ఉంటుందండీ?" అని. వాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే. మీ తిరుగు టికెట్ ఏ రోజుకుంది, ఏ దారిలో ఉంది? వెళ్లేటప్పటి వాతావరణం గురించి అందరూ ఆలోచిస్తారు. తిరిగి వచ్చే దారి గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. ప్రయాణాలు చెడేది ఎక్కువగా అక్కడే.

2024 ఆగస్టు చివర్లో జరిగింది చెబుతాను. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టింది. తుఫాను కూడా కాదు, దానికి పేరు పెట్టే అవసరమే రాలేదు. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. శనివారం ఆదివారం కలిసొచ్చాయని మా ఆడపడుచు వాళ్లు పిల్లలతో రాజమండ్రి వెళ్లారు. పేరులేని వాయుగుండమే కదా, మహా అయితే తడుస్తాం అనుకున్నారు. ఆదివారం తెల్లవారేసరికి మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు పొంగి హైదరాబాదు జాతీయ రహదారి మునిగింది. విజయవాడలో బుడమేరు ఊళ్లోకి వచ్చింది. రైలూ లేదు, రోడ్డూ లేదు. వాళ్లున్న చోట వాన తగ్గింది, హోటల్లో కరెంటు ఉంది, పిల్లలు టీవీ చూస్తున్నారు. కానీ ఇంటికి రావడానికి దారి లేదు. వాళ్లు వచ్చింది బుధవారం, గుంటూరు, నల్గొండ మీదుగా మళ్లించిన రైల్లో. వాళ్లతో ఉన్న మామగారి షుగరు మాత్రలు సోమవారంతోనే అయిపోయాయి.

అప్పటినుంచి నా లెక్క మారింది. పేరున్న తుఫానుకు అందరూ భయపడతారు. ప్రయాణికుణ్ణి ఎక్కువసార్లు ఇరుకున పెట్టేది మాత్రం వాన. అది సముద్రం ఒడ్డున ఆగదు, మనం నడిచొచ్చే దారంతా కురుస్తుంది.

టీవీలో చెప్పే మాటలకు అర్థం

నిర్ణయం తీసుకునే ముందు ఆ మాటలు విడివిడిగా తెలియాలి. అన్నిటినీ కలిపి "తుఫానంట" అనుకుంటే అనవసరంగా మానేసుకుంటాం, లేదా అనవసరంగా బయల్దేరతాం.

అల్పపీడనం మొదటి మెట్టు. బంగాళాఖాతంలో చాలా అల్పపీడనాలు వాన కురిపించి పోతాయి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం అంటారు, 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62 దాటాకే అది తుఫాను, అప్పుడే పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ గాలులు 180 దాకా వెళ్లాయి. ఈ మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి చేసినవి. వాన ఎంత పడుతుందో వీటిలో ఉండదు. అది వేరే చూడాలి.

వాన కోసం జిల్లాల వారీగా ఇచ్చే రంగులు చూడండి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే జాగ్రత్తపడమని. వాతావరణ శాఖ భాషలో "అతి భారీ వర్షం" అంటే ఒక రోజులో సుమారు 12 నుంచి 20 సెంటీమీటర్లు, "అత్యంత భారీ" అంటే 20కి పైన. నా అలవాటు ఏమిటంటే, వెళ్లే ఊరి రంగుతో పాటు దారిలో పడే ప్రతి జిల్లా రంగూ చూస్తాను. హైదరాబాదు నుంచి కాజీపేట మీదుగా విశాఖ వెళ్లే రైలుకు హనుమకొండ, మహబూబాబాద్, ఖమ్మం, ఎన్టీఆర్, ఏలూరు, గోదావరి జిల్లాలన్నీ దారే. వీటిలో రెండు మూడు చోట్ల రెడ్ ఉంటే విశాఖలో ఆకాశం ఎలా ఉన్నా లాభం లేదు.

రేవుల్లో ఎగరేసే నంబర్లు చూసి చాలామంది బెదిరిపోతారు. ఒకటో నంబరు ఓడల కోసం, సముద్రంలో దూరాన ఏదో ఉందని. దానికి ప్రయాణం మానక్కర్లేదు. మూడో నంబరంటే ఆ రేవులోనే ఈదురుగాలులు వీయవచ్చని. అయిదు, ఆరు, ఏడు ప్రమాద సంకేతాలు. వాటి మధ్య తేడా తీవ్రతలో లేదు, తుఫాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుందో చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది పెను ప్రమాదానికి. పర్యాటకులుగా మనకు అయిదు కనబడితే చాలు, ఆ ఊరి మాట మరిచిపోవాలి.

వాతావరణ శాఖ పటంలో తుఫాను దారి చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటులాంటి బొమ్మ ఉంటుంది. తుఫాను కేంద్రం ఆ గరాటులో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. గాలివానలు గరాటు బయట కూడా ఉంటాయి. "మన ఊరు బొమ్మ బయట ఉంది కాబట్టి ఫర్వాలేదు" అన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, అయిదో తేదీన. కానీ నాలుగో తేదీనే మూడొందల కిలోమీటర్ల దూరంలోని చెన్నై మునిగిపోయింది, విమానాశ్రయం మూతబడింది. తుఫాను అటువైపు నుంచి నెమ్మదిగా పైకి వస్తూ ఊరి మీద వాన గుమ్మరించింది. "బాపట్ల" అన్న మాట విని చెన్నైకి బయల్దేరినవాళ్లు అక్కడే ఇరుక్కున్నారు. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర దాటింది. మర్నాడు నీళ్లలో ఉన్నది సముద్రానికి రెండొందల యాభై కిలోమీటర్లకు పైగా దూరంలోని వరంగల్, హనుమకొండ.

దారి మారడం కూడా మామూలే. 2022 మేలో అసని ఒడిశా వైపు తిరిగి సముద్రంలోనే బలహీనపడుతుందన్నారు. అది మచిలీపట్నం, నరసాపురం మధ్యకు వచ్చింది. 2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్ర మీదకు వస్తుందని పదుల సంఖ్యలో రైళ్లు రద్దు చేశారు. అది సముద్రంలోనే నీరసించి పూరీ వైపు పోయింది. వాతావరణ శాఖను తప్పుపట్టడానికి ఇవి చెప్పడం లేదు. ఈ రోజుల్లో 24 గంటల ముందు చెప్పే దారిలో సగటు తేడా వంద కిలోమీటర్లలోపే ఉంటోంది. మూడు నాలుగు రోజుల ముందు మాటకూ ఒక రోజు ముందు మాటకూ బరువు ఒకటి కాదని చెప్పడానికే చెబుతున్నాను.

నాలుగు దారులు

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలు, శనివారం విశాఖ, ఆదివారం అరకు, సోమవారం రాత్రి తిరుగు రైలు. ఈ సోమవారమే అల్పపీడనం కబురు వచ్చింది. వాళ్ల ముందు ఉన్నవి: అనుకున్నట్టే వెళ్లడం, తేదీ మార్చడం, ఊరు మార్చడం, అంతా రద్దు చేయడం.

సోమవారం నాడు ఏమీ చేయకూడదు. నిజంగా ఏమీ చేయకూడదు. అల్పపీడనానికే టికెట్లు తీసేస్తే ఏడాదికి మూడు ప్రయాణాలు మానుకోవాల్సి వస్తుంది. కానీ ఆ రోజు నుంచి కొత్తగా తిరిగిరాని డబ్బు కట్టకూడదు. అరకు కారుకు అడ్వాన్సు, రిసార్టుకు పూర్తి సొమ్ము, బోటు టికెట్లు ఆపాలి. హోటలుకు ఒకసారి ఫోన్ చేసి, ఎప్పటిలోపు చెబితే డబ్బు వెనక్కి ఇస్తారో కనుక్కుని కాగితం మీద రాసుకోవాలి. ఆ గడువే మీ నిర్ణయానికి గడువు.

బుధవారానికి అసలు విషయం తేలుతుంది. అది వాయుగుండంగా మారిందా, ఎటు కదులుతోంది, ఎప్పుడు తీరం దాటుతుంది? ఇక్కడ నేను ఒక గీత గీస్తాను. తీరం దాటే రోజుకు ముందొక రోజు, తర్వాత రెండు రోజులు, మొత్తం నాలుగు రోజుల్లో ఎక్కడా నా తిరుగు ప్రయాణం ఉండకూడదు. పట్టాలు, రోడ్లు తెగేది ఎక్కువగా దాటిన మర్నాడే. వాగులు నిండి, చెరువులు తెగి, నీళ్లు పల్లానికి వచ్చేసరికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆదివారం తీరం దాటుతుందంటే సోమవారం రాత్రి రైలు ఆ గీతలోకి వచ్చేస్తుంది. అప్పుడు ఈ ఇల్లు అనుకున్నట్టే వెళ్లడం నాకు ఇష్టం లేదు. గురువారమే దాటుతుందంటే, అది వాయుగుండంగానే ఉంటే, వెళ్లొచ్చు. అరకు మాత్రం తీసేయాలి, ఆ సంగతి కింద చెబుతాను.

తేదీ మార్చడం నాకు అన్నిటికన్నా నచ్చే దారి. మూడు వారాలు ఆగి వెళ్తే అదే విశాఖ, అదే అరకు. వానలు పడ్డాక జలపాతాలు నిండుగా, కొండలు పచ్చగా ఉంటాయి. మన ఇళ్లలో అడ్డుపడేది పిల్లల బడి, ఆఫీసు సెలవు. సెలవు మంజూరైంది కదా, వృథా చేసుకోవడమెందుకని బయల్దేరేవాళ్లే ఎక్కువ. ఆ సెలవును అలాగే ఉంచుకోమని నేను చెబుతాను. వెళ్లి ఇరుక్కుంటే ఎలాగూ ఇంకో మూడు సెలవులు అడగాలి, అప్పుడు అడిగేది ఫోన్ సిగ్నల్ లేని చోటి నుంచి.

ఊరు మార్చడం పిల్లలు సంచులు సర్దేసుకున్న ఇంటికి బాగా పనికొస్తుంది. తుఫాను ఉత్తరాంధ్ర వైపు వెళ్తోందంటే కర్ణాటక వైపు హంపి, బాదామి లాంటివి ఆలోచించవచ్చు. అది చెన్నై, పుదుచ్చేరి వైపు వస్తుంటే మాత్రం దక్షిణ కర్ణాటక, రాయలసీమల్లో కూడా వాన ఉండొచ్చు, ఆ జిల్లాల రంగులూ చూసుకోవాలి. ఒక పొరపాటు చేయకండి: సముద్రం వద్దనుకుని లక్నవరం, పాపికొండలు, ఏదో జలపాతం అనుకోవద్దు. వాయుగుండం వాన అక్కడా గట్టిగానే పడొచ్చు. పాపికొండల బోట్లను అలాంటి రోజుల్లో అధికారులే ఆపేస్తారు.

ఇక పూర్తిగా రద్దు. అది "తీవ్ర తుఫాను" అన్న మెట్టుకు చేరితే, మీరు వెళ్లే ఊరు దాని దారిలో రెండొందల కిలోమీటర్లలోపు ఉంటే, ఇంక లెక్కలు వేయొద్దు. ఎంత డబ్బు పోయినా రద్దే. ఇంట్లో నెలలు నిండిన కోడలో, డయాలసిస్ చేయించుకునే పెద్దవాళ్లో, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సినవాళ్లో ఉంటే, "తీవ్ర" అనేదాకా కూడా ఆగను. పై ఇంట్లో అత్తగారు కూడా వస్తున్నారు కాబట్టి వాళ్లకు నా సలహా తేదీ మార్చుకోమనే. అదే నలుగురు స్నేహితులు, ఇరవై అయిదేళ్లవాళ్లు, విశాఖలో తెలిసినవాళ్ల ఇల్లుంది, సెలవు పొడిగించుకోగలరు అంటే, వాయుగుండం వరకైతే వెళ్లమనే అంటాను.

ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది

విశాఖ నగరం ఒక మాదిరి వాయుగుండాన్ని తట్టుకుంటుంది. బీచ్ మూసేస్తారు, కైలాసగిరి మూసేయొచ్చు, రెండు రోజులు గదిలో కూర్చుని మిర్చి బజ్జీలు తినొచ్చు. అరకు అలా కాదు. అక్కడికి వెళ్లడానికి ఉన్నవి ఘాట్ రోడ్డు, కిరండూల్ రైలు మార్గం. రెండూ తూర్పు కనుమల్లోనుంచే. ఆ మార్గంలో 58 సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు ఉన్నాయి. గట్టి వానకు కొండచరియలు, బండరాళ్లు జారి పట్టాల మీద పడటం అక్కడ కొత్త కాదు. గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగితే ఊళ్ల మధ్య దారి తెగుతుంది. విశాఖకు ఎల్లో అని ఉన్నా అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఆరెంజ్ ఉంటే అరకు మానేయండి. కాఫీ తోటలు ఇంకో నెలకూ ఉంటాయి.

పూరీ విషయంలో ఒడిశా ప్రభుత్వం మాట విన్న యాత్రికుడు బాగుపడ్డాడు. 2019 మే 3న ఫణి పూరీ దగ్గరే తీరం దాటింది. ముందు రోజే పర్యాటకులను ఊరు వదలమన్నారు, ప్రత్యేక రైళ్లు వేశారు. పూరీలో కరెంటు పూర్తిగా రావడానికి వారాలు పట్టింది. జగన్నాథుడి దర్శనం కోసం వచ్చాం, ఒక్క రోజు ఆగుదాం అనుకునేవాళ్లకు నా మాట: ఊరు వదలమంటే ఆ రోజే, ఆ పూటే వదలండి. తర్వాతి రైలు ఉండకపోవచ్చు.

అరుణాచలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ నాలుగైదేళ్లలో మనవాళ్లు గిరిప్రదక్షిణకు తెగ వెళ్తున్నారు, అదీ కార్తీక మాసంలో. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం చేరి అక్కడే గంటలకొద్దీ నిలిచిపోయింది. పుదుచ్చేరిలో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మర్నాడు తిరువణ్ణామలైలో, అంటే అరుణాచలం ఊళ్లోనే, కొండ వాలు జారి ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు. గాలి వేగాన్ని బట్టి చూస్తే ఫెంగల్ మామూలు తుఫానే, తీవ్ర తుఫాను కూడా కాదు. కదలకుండా నిలబడటమే దాని ప్రమాదం. కొండ పాదాన, జన సమూహంలో, రాత్రిపూట నడిచే యాత్ర కాబట్టి ఇక్కడ నేను వాన హెచ్చరికను విశాఖకన్నా కఠినంగా చూస్తాను. ఆ పౌర్ణమి కాకపోతే ఇంకో పౌర్ణమి వస్తుంది.

తిరుమల కొండ మీద ఉంది, సముద్రానికి దూరం అనుకుంటాం. 2021 నవంబరులో వచ్చింది కూడా ఒట్టి వాయుగుండమే. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, నడకదారి మెట్లు దెబ్బతిన్నాయి, ఘాట్ రోడ్లు మూశారు. అన్నమయ్య డ్యాం కొట్టుకుపోయింది, నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు మార్గం, జాతీయ రహదారి తెగిపోయాయి. ఆ రోజుల్లో దర్శనం టికెట్లున్నవారికి తర్వాత వేరే రోజు వచ్చేలా టీటీడీ వీలు కల్పించింది. కాబట్టి టికెట్ పోతుందన్న బెంగతో పిల్లలతో ఘాట్ ఎక్కొద్దు, ముందు ప్రకటన చూడండి.

అండమాన్ గురించి క్లుప్తంగా: అక్కడ తుఫాను నేరుగా తగలకపోయినా దీవుల మధ్య తిరిగే పడవలు ఆగిపోతాయి. హేవ్‌లాక్‌ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవిలో ఉండి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) విమానం అందుకోలేకపోవడమే అక్కడి కష్టం. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి.

రైలా, విమానమా, కారా

తుఫాను రోజుల్లో నేను రైలుకే మొగ్గుతాను. ముప్పు ఉంటే రైల్వే ముందే రద్దు చేస్తుంది. రైలును వాళ్లే పూర్తిగా రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ సొమ్మంతా దానంతటదే వెనక్కి వస్తుంది. దారి మళ్లించి మీ స్టేషను తప్పిస్తే, లేదా మూడు గంటలకు పైగా ఆలస్యమై మీరు ఎక్కకపోతే, టీడీఆర్ (సొమ్ము వాపసుకు ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తు) వేసి అడగొచ్చు. అందుకే ఆఖరి రోజుల్లో రద్దు ఖాయమనిపిస్తుంటే మనమే తొందరపడి టికెట్ తీసేసి కోత పడనివ్వకూడదు. కానీ రైలు నడుస్తుంది, మనకే వెళ్లాలని లేదు అంటే త్వరగా తీసేయాలి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది, చార్టు తయారయ్యాక చేతికి ఏమీ రాదు. 139కి ఫోన్ చేసినా, రైల్వే ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసినా రద్దయిన, మళ్లించిన రైళ్లు తెలుస్తాయి. వాట్సాప్‌లో తిరిగే జాబితాలు నమ్మకండి, వాటిలో పాత తుఫానువి కూడా ఉంటాయి.

విమానం గంటలో చేరుస్తుంది, కాబట్టి తుఫాను దాటాక తిరిగి రావడానికి అది మంచిది అనుకుంటాం. విమానాశ్రయమే దెబ్బతింటే? హుద్‌హుద్‌కు విశాఖ టెర్మినల్ పైకప్పు లేచిపోయింది, కొన్ని రోజులు విమానాలే లేవు. సంస్థే రద్దు చేస్తే సొమ్ము వాపసు గానీ వేరే విమానం గానీ అడిగే హక్కు మీకుంది. వాతావరణం కారణమైతే నష్టపరిహారం మాత్రం రాదు. తుఫాను ముందు చాలా సంస్థలు రుసుము లేకుండా తేదీ మార్చుకోనిస్తాయి, ఆ ప్రకటన వచ్చిందేమో చూసుకోండి. ప్రయాణ బీమా తుఫానుకు పేరు పెట్టకముందు తీసుకుంటేనే ఉపయోగం. పేరొచ్చాక కొంటే అది తెలిసిన ముప్పు కిందికి వస్తుంది.

సొంత కారును నేను చివర పెడతాను. "మన చేతిలో స్టీరింగు ఉంటే ఎప్పుడైనా వెనక్కి తిరగొచ్చు" అని మావారు కూడా అంటారు. రోడ్డు మీద పారే నీళ్ల లోతు రాత్రిపూట ఎవరికీ తెలియదు. మోకాటి లోతు ప్రవాహం కారును పక్కకు నెట్టేస్తుంది. కారులోనే వెళ్లాల్సి వస్తే పగలే నడపండి, కాజ్‌వే మీద నీళ్లు కనబడితే ముందున్న లారీ దాటిందని మీరు దాటొద్దు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. గది రోజుకు 3,500 అనుకోండి. రద్దు చేస్తే ఒక రాత్రి సొమ్ము, రైలు టికెట్ల కోత కలిపి నాలుగైదు వేలు పోవచ్చు. వెళ్లి ఇరుక్కుంటే రెండు రాత్రులకు 7,000, అయిదుగురి భోజనాలు, దొరికిన బస్సుకు చెప్పిన ధర, పోయిన ఆఫీసు రోజులు. ఇంట్లో టెన్షన్ సంగతి ఈ లెక్కలో కలపలేదు. పోయే నాలుగు వేలు మనకు కళ్ల ముందు కనబడతాయి, ఇరుక్కుంటే అయ్యే ఇరవై వేలు కనబడవు. అందుకే చాలామంది తప్పు వైపు మొగ్గుతారు.

అప్పటికే అక్కడ ఉంటే

తీరం దాటడానికి 24 గంటలకు మించి సమయం ఉండి, దారి తెరిచి ఉంటే, బయల్దేరడమే మేలు. పన్నెండు గంటలే ఉంటే కదలకండి. రోడ్డు మీద చిక్కడం కన్నా గట్టి స్లాబు కింద ఉండటం నయం. గది సముద్రం వైపు ఉంటే వెనక వైపు గది అడగండి, ఇవ్వకపోతే అలిగైనా తీసుకోండి. ఒకసారి అలాంటి పూట ఒక హోటలు వాళ్లు సముద్రం కనబడే గదికి ఎక్కువ కట్టారు కదా అని మమ్మల్ని అద్దాల కిటికీ పక్కనే ఉండమన్నారు. రాత్రంతా పరుపు కిటికీకి అడ్డం పెట్టి బాత్రూం గుమ్మం దగ్గర పిల్లల్ని పడుకోబెట్టాను.

హుద్‌హుద్ రోజు, 2014 అక్టోబరు 12, ఆదివారం, నేను పుట్టింట్లో ఉన్నాను. పొద్దున్నుంచి హోరు. మధ్యాహ్నం ఒక్కసారిగా గాలి ఆగింది. జనం బయటికి వచ్చి పడిపోయిన చెట్లు చూస్తున్నారు. మా నాన్నగారు ఎవర్నీ గడప దాటనివ్వలేదు. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా కోపంగా. తుఫాను మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దాన్ని నమ్మవద్దు. రేడియోలోనో, అధికారుల నుంచో మాట వచ్చేదాకా లోపలే ఉండండి.

ఆ తర్వాత రోజులు గాలికన్నా కష్టం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర బారులు, పాల ప్యాకెట్‌కు, మంచినీళ్ల డబ్బాకు చెప్పిందే ధర. అప్పుడు మా చేతిలో నోట్లు ఉన్నాయి. ఇప్పుడు చాయ్‌కి కూడా ఫోన్ తీస్తున్నాం. టవర్లు పడిపోతే ఆ ఫోను పనికిరాదు. తుఫాను ముప్పున్న ప్రయాణానికి ఇంటికి చేరేంత నగదు చిన్న నోట్లుగా, వారం రోజుల మందులు, ఛార్జి నిండిన పవర్ బ్యాంకు, టార్చి, తిరుగు టికెట్ కాగితం మీద ప్రింటు, కావలసినవాళ్ల నంబర్లు రాసిన చిన్న పుస్తకం తీసుకెళ్లండి.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోమని వేడుకుంటాను. మీకు గదిలో టిఫిన్ తెచ్చే అబ్బాయికి కూడా ఇల్లుంటుంది, దాని మీద రేకులుంటాయి. హుద్‌హుద్ మర్నాడు మా వీధి చివర టిఫిన్ సెంటరు పనివాడు తన ఇల్లు ఉందో లేదో చూసుకోకుండానే వచ్చి అట్లు వేశాడు. నీళ్లు, డీజిలు, అంబులెన్సు తక్కువగా ఉన్న ఊరికి ఆ వారం మనం ఒక కుటుంబంగా అదనం అవుతాం. తుఫాను దెబ్బ చూడటానికి, వీడియోలు తీయడానికి అసలు వెళ్లకండి.

అలాగని నెలల తరబడి ఆ ఊరిని తప్పించుకోనూ వద్దు. సీజన్ పోతే హోటల్ పనివాళ్లకూ, అరకులో బొంగు చికెన్ అమ్మేవాళ్లకూ, బొర్రా గుహల దగ్గర బండ్లవాళ్లకూ తుఫాను రెండోసారి వచ్చినట్టే. మూడు వారాలు ఆగి హోటలుకు ఫోన్ చేయండి. "బాగానే ఉందండీ, రండి" అని ఎవరైనా అంటారు. కుళాయిలో నీళ్లు రోజూ వస్తున్నాయా, జనరేటర్ ఎన్ని గంటలు వేస్తున్నారు, అరకు ఘాట్ మీద బస్సులు రాత్రి కూడా నడుస్తున్నాయా అని విడివిడిగా అడగండి. మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే, తిరుగు టికెట్ ముందు తీసుకుని, తర్వాత వెళ్లే టికెట్ తీసుకోండి.